వేలం ఫ్లాటు: తాళంచెవి ఎవరి దగ్గరుందో ముందు అడగండి

ప్రశ్న: నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మావారు మందుల కంపెనీలో సూపర్‌వైజరు. కూకట్‌పల్లిలో పదకొండేళ్లుగా అద్దెకుంటున్నాం, ఇప్పుడు నెలకు 17 వేలు కడుతున్నాం. మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు బ్యాంకు వేలానికి వచ్చింది. రిజర్వు ధర, అంటే పాట మొదలయ్యే కనీస ధర, 48 లక్షలు. అదే అపార్ట్‌మెంటులో అలాంటిదే ఈ మధ్య 68 లక్షలకు అమ్మారట. మా దగ్గర ఎఫ్‌డీలు 14 లక్షలున్నాయి, బంగారం పెడితే ఇంకో 6 లక్షలు వస్తాయి. మిగతాది లోను తీసుకుందామనుకున్నాం. వేలానికి ఇంకా పన్నెండు రోజులుంది. ఫ్లాటులో పాత ఓనరు కుటుంబమే ఉంటోంది. మొన్న వెళ్లి కింది నుంచి చూసొచ్చాను, బాల్కనీలో పిల్లల యూనిఫాంలు ఆరేసి ఉన్నాయి. "అదంతా బ్యాంకు చూసుకుంటుంది వదినా, ఇరవై లక్షలు కలిసొస్తుంది, వదలొద్దు" అంటాడు మా మరిది. నాకేమో టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పేపర్లో వచ్చిన ప్రకటన కత్తిరించి పంపుతున్నాను. పాడమంటారా, వద్దంటారా?
ఒక సోదరి, హైదరాబాద్

సమాధానం:

అమ్మా, మీరు పంపిన కటింగ్ నాలుగుసార్లు చదివాను. నేను బ్యాంకులో పనిచేసినవాణ్ని. రిటైరయ్యే ముందు కొన్నేళ్లు ఇలాంటి ప్రకటనల కింద సంతకం పెట్టే అధికారిగానే ఉన్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఈ పాటకు వెళ్లకండి. వేలంలో ఇల్లు కొనడం తప్పని కాదు. సరైన ఇల్లు, సరైన సమయంలో దొరికితే మీలాంటి వాళ్లకు అది నిజంగా మంచి దారి. కానీ ఈ ఫ్లాటు ఇప్పుడున్న పరిస్థితిలో, మీ దగ్గరున్న డబ్బుతో మీకు కుదరదు. ఎందుకు కుదరదో వివరంగా చెబుతాను. రేపు మరో ప్రకటన కనిపిస్తే అప్పుడు మీరే చూసి తేల్చుకోవచ్చు.

ప్రకటనలో మీ కళ్లు 48 లక్షల దగ్గర ఆగిపోయి ఉంటాయి, అందరికీ అంతే. దాని పక్క గడిలో చిన్న అక్షరాలతో "సింబాలిక్ పొజిషన్" అని ఉంది, చూశారా? ఆ మాటే మీ మరిది చెప్పిన ఇరవై లక్షలకు కారణం. దాని అర్థం బ్యాంకు వాళ్లు వెళ్లి తలుపు మీద నోటీసు అంటించి, పేపర్లో వేయించి, కాగితం మీద మాత్రమే ఇంటిని స్వాధీనం చేసుకున్నారని. తాళంచెవి మాత్రం ఇంకా ఆ ఇంట్లో వాళ్ల దగ్గరే ఉంది. "ఫిజికల్ పొజిషన్" అని ఉంటే వాళ్లు ఖాళీ చేశారని, తాళం బ్యాంకుదని, దాని మీద సీలు ఉందని అర్థం.

2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం అప్పు కట్టనివాళ్లకు బ్యాంకు మొదట 60 రోజుల నోటీసు ఇస్తుంది. అప్పటికీ కట్టకపోతే స్వాధీనం, ఆ తర్వాత వేలం. దీనికి సివిల్ కోర్టు తీర్పు అక్కర్లేదు. కానీ లోపల మనుషులుండగా బ్యాంకు వాళ్లు తలుపు పగలగొట్టి బయటికి నెట్టలేరు. సెక్షన్ 14 కింద మెజిస్ట్రేట్‌కు దరఖాస్తు పెట్టాలి. ఆయన ఉత్తర్వు ఇచ్చి, ఇల్లు ఖాళీ చేయించి అప్పగించడానికి ఒక లాయరును అడ్వొకేట్ కమిషనర్‌గా వేయాలి, పోలీసు బందోబస్తు దొరకాలి. ఉత్తర్వు 30 రోజుల్లో, మహా అయితే 60 రోజుల్లో ఇవ్వాలని చట్టంలో ఉంది. నా సర్వీసులో ఆ గడువు లోపల పని పూర్తయిన కేసుల కంటే దాటిపోయినవే ఎక్కువ చూశాను. ఉత్తర్వు వచ్చాక కూడా పిల్లల పరీక్షలని కొంతకాలం, ఇంట్లో పెద్దాయనకు ఆపరేషనని కొంతకాలం, పండగ బందోబస్తు ఉందని పోలీసులు రాలేక కొంతకాలం ఆగిపోతుంది. వాటిలో అబద్ధాలు కొన్నే, చాలావరకు నిజాలే. ఈలోగా డబ్బు మొత్తం కట్టేసి ఎదురుచూసేది మాత్రం మీరే.

నేను వేసిన వేలంలోనే ఒకాయన ఇలాగే సింబాలిక్ పొజిషన్ ఫ్లాటు పాడుకున్నాడు. చిన్న ఉద్యోగం. తాళం చేతికి రావడానికి పందొమ్మిది నెలలు పట్టింది. ప్రతి నెలా మొదటి వారంలో మా ఆఫీసుకు వచ్చి, అటు ఈఎంఐ, ఇటు అద్దె కట్టిన రసీదులు రెండూ బల్ల మీద పెట్టి, "ఏమైంది సార్" అని మాత్రమే అడిగేవాడు. ఖాళీ చేయించిన రోజు నేనూ వెళ్లాను. కమిషనర్ గారు పంచనామా రాయిస్తున్నారు: స్టీలు బియ్యం డబ్బా ఒకటి, కుట్టుమిషను ఒకటి, పదో తరగతి పుస్తకాలు ఒక కట్ట. ఆ అమ్మాయి లోపలికి వెళ్లి హాల్‌టికెట్ వెతుక్కుని తెచ్చుకునేదాకా అందరం మెట్ల మీద నిలబడ్డాం. కొన్నాయన కింద స్కూటరు దగ్గరే ఉండిపోయాడు, పైకి రాలేదు. చట్టప్రకారం అంతా సవ్యంగానే జరిగింది. అయినా ఆ రోజు ఎవరి ముఖంలోనూ సంతోషం లేదు. మీరు బాల్కనీలో యూనిఫాంలు చూశానని రాసినప్పుడు నాకు ఆ మెట్లే గుర్తొచ్చాయి.

మీకు నిద్ర పట్టకపోవడానికి అదీ ఒక కారణమైతే ఒక్క మాట చెబుతాను. మీరు పాడకపోయినంత మాత్రాన ఆ ఇల్లు వాళ్లకు దక్కదు, ఇంకొకరు పాడతారు. వేలంలో వచ్చిన సొమ్ము బ్యాంకు బాకీకీ ఖర్చులకూ పోగా మిగిలితే, ఆ మిగిలింది ఆ కుటుంబానికే ఇవ్వాలని చట్టంలో ఉంది. నలుగురు పోటీపడి మంచి ధర పలికితే వాళ్లకూ మేలే. కాబట్టి వేలంలో కొనడాన్ని పాపంగా అనుకోకండి. అయితే మీ మరిది గానీ ఇంకెవరు గానీ ఆ ఇంటికి వెళ్లి "ఎప్పుడు ఖాళీ చేస్తారు" అని నిలదీయకుండా చూసుకోండి. ముందే వాళ్ల చేతిలో డబ్బు పెట్టి ఒప్పందాలు చేసుకోవడమూ వద్దు. ఖాళీ చేయించడం బ్యాంకు పని, దానికొక పద్ధతి ఉంది.

ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం. నా భయమంతా ఇక్కడే.

పాట 51 లక్షలకు మీ పేరున ఖాయమైందనుకోండి. పాటలో పాల్గొనడానికే ముందు ఈఎండీ, అంటే ముందస్తు డిపాజిట్ కట్టాలి. మీ ప్రకటనలో అది రిజర్వు ధరలో పది శాతం, అంటే 4 లక్షల 80 వేలు. పాట ఖాయమైన రోజే, ఆలస్యమైతే మరుసటి పనిదినానికల్లా, ఈఎండీతో కలిపి 25 శాతం పూర్తి చేయాలి. అంటే 12 లక్షల 75 వేలు. ఎఫ్‌డీలు తీసేసి అది కట్టగలరు. మిగిలిన 38 లక్షల 25 వేలు వేలం ఖరారైన 15 రోజుల్లో కట్టాలి. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే గడువు పెంచవచ్చు, అదీ మూడు నెలలు మించకూడదు. మీ దగ్గర అప్పటికి మిగిలేది ఎఫ్‌డీల్లో లక్షా పాతిక వేలు, బంగారం మీద 6 లక్షలు. కాబట్టి 31 లక్షల లోను పదిహేను రోజుల్లో చేతికి రావాలి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అందులోంచి ఒక శాతం పన్ను (టీడీఎస్) మీరే పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. అది ధరలో భాగమే, అదనం కాదు, కానీ మరిచిపోతే నోటీసు వచ్చేది మీకే. ఇక తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం చొప్పున 3 లక్షల 80 వేలకు పైగా అవుతుంది. దీనికి మీ దగ్గర ఒక్క రూపాయి కూడా మిగలడం లేదు.

లోను సంగతి ఇంకా చిక్కు. మామూలుగా ఇల్లు కొనేటప్పుడు బ్యాంకు చెక్కు ఇస్తుంది, అదే రోజు రిజిస్ట్రేషన్ అవుతుంది, కాగితాలు బ్యాంకుకు వెళ్తాయి. వేలంలో మొత్తం డబ్బు కట్టాకే సేల్ సర్టిఫికెట్ ఇస్తారు. అంటే మీకు లోను ఇచ్చే బ్యాంకు తన చేతికి కాగితం రాకముందే డబ్బు విడుదల చేయాలి. పైగా లోపల మనుషులున్న ఇల్లు. చాలా బ్యాంకులు ఇలాంటి దానికి ఒప్పుకోవు. వేలం వేస్తున్న బ్యాంకే లోను ఇస్తానంటే కొంత నయం, వాళ్ల దగ్గర కాగితాలు ఎలాగూ ఉన్నాయి. కానీ "చూద్దాం మేడమ్, అవుతుంది" అనే మాట నమ్మి ఈఎండీ కట్టకండి. ఈ ఫ్లాటు నంబరుతో, ఇంత మొత్తమని రాసిన మంజూరు పత్రం చేతిలో ఉంటేనే దాన్ని లోనుగా లెక్కేయండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, గడువులోగా మిగతా 75 శాతం కట్టలేకపోతే మీరు కట్టిన 25 శాతం పోతుంది. కొంత కోసుకుని మిగతాది ఇచ్చేయడం ఉండదు, మొత్తం పోతుంది. తమిళనాడు కేసు ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పాడినాయన మూడు కోట్ల రూపాయలకు పైగా ముందు కట్టి, మిగతాది సర్దలేకపోయాడు. బ్యాంకు ఆ సొమ్మంతా జప్తు చేసుకుంది. అదే ఆస్తిని బ్యాంకు తర్వాత ఇంకా ఎక్కువ ధరకు అమ్ముకున్నా, జప్తు సరైనదేనని 2024 ఫిబ్రవరిలో కోర్టు తేల్చింది. మీ విషయంలో పోయేది 12 లక్షల 75 వేలు. స్కూలు జీతంలోంచి ఆ ఎఫ్‌డీలు చేయడానికి మీకు ఎన్నేళ్లు పట్టిందో మీకే తెలుసు.

మరి ఇరవై లక్షల లాభం మాట? పాట 51కి చేరగానే అది 17 అయిపోయింది. బాకీలకు, రిపేర్లకు, లాయరుకు కలిపి నాలుగైదు లక్షలు పక్కన పెట్టండి. మనసు విరిగి ఖాళీ చేసిన ఇళ్లలో ట్యాపులు, ఫ్యాన్లు, ఒక్కోసారి లోపలి తలుపులు కూడా మిగలవు. ఆ తర్వాత ఎదురుచూపు. 31 లక్షల మీద ఎనిమిదిన్నర శాతం లెక్కేసినా మొదటి ఏడాది వడ్డీయే రెండున్నర లక్షలు దాటుతుంది. అదే ఏడాది మీరు కట్టే అద్దె 2 లక్షల 4 వేలు. అంటే ఏడాది ఆగితే నాలుగున్నర లక్షలు, రెండేళ్లు ఆగితే దానికి రెట్టింపు. రెండేళ్లయ్యేసరికి ఆ పదిహేడులో మూడు లక్షలు మిగిలితే గొప్ప.

కోర్టు చిక్కుల గురించి మీ మరిది ఏమీ చెప్పినట్టు లేదు. వేలం ప్రకటన వచ్చేలోపే బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు అప్పు తీసుకున్నవాళ్లకు ఉంటుంది, ప్రకటన వెలువడ్డాక ఆ హక్కు పోతుందని సుప్రీంకోర్టు 2023లో స్పష్టంగా చెప్పింది. పాడినవాళ్లకు అది కొండంత ధైర్యం. కానీ బ్యాంకు నోటీసులు సరిగ్గా ఇవ్వలేదనో, గడువులు పాటించలేదనో అప్పు తీసుకున్నవాళ్లు రుణ వసూలు ట్రిబ్యునల్‌కు, అంటే డీఆర్‌టీకి వెళ్లొచ్చు. బ్యాంకు చర్య తీసుకున్న 45 రోజుల్లో అక్కడ దరఖాస్తు వేసుకునే వీలుంది. స్టే వస్తే అన్నీ ఆగిపోతాయి. నోటీసులో తప్పు నిజమేనని తేలితే వేలమే రద్దు కావచ్చు. మీ డబ్బు తిరిగొస్తుంది, కానీ ఎప్పుడో, ఎంత వడ్డీతోనో ఆ ఉత్తర్వును బట్టి ఉంటుంది. హైదరాబాద్ డీఆర్‌టీల్లో ఆ ఓనరు పేరు మీద కేసేమైనా ఉందేమో వెబ్‌సైటులో పేరు కొట్టి చూడండి. బ్యాంకు అధికారినీ రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా "ఏం లేదు" అనేవాళ్లు రాసివ్వమంటే గొంతు సవరించుకుంటారు, మీకు అక్కడే విషయం అర్థమవుతుంది.

మీ కటింగులోనే ఇంకో రెండు మూడు విషయాలు కనిపించాయి. ప్రకటన తేదీకీ వేలం తేదీకీ మధ్య 16 రోజులే ఉంది. మొదటిసారి వేలమైతే 30 రోజులు ఉండాలి. అది కుదరక మళ్లీ వేస్తేనే 15 రోజుల నోటీసు సరిపోతుంది. అంటే ఈ ఫ్లాటు ఇంతకుముందు ఒకసారైనా వేలానికి వచ్చి, ఎవరూ తీసుకోక తిరిగొచ్చింది. అప్పటి రిజర్వు ధర ఎంత, ఎవరూ ఎందుకు ముందుకు రాలేదు అని బ్యాంకులో అడగండి. రేపు కూడా ఎవరూ రాకపోతే ధర ఇంకా తగ్గించి మళ్లీ వేస్తారు. ఈసారి వదిలేస్తే చేజారిపోయినట్టేమీ కాదు.

రెండోది, ఆస్తి వివరాల్లో "ఫ్లాట్ నం. 502, అయిదవ అంతస్తు, 1,080 చదరపు అడుగులు, 38 చదరపు గజాల అవిభాజ్య వాటా" అని ఉంది. కారు పార్కింగ్ ఊసే లేదు. తాకట్టు కాగితంలో పార్కింగ్ లేకపోతే బ్యాంకు దాన్ని మీకు అమ్మలేదు, సెల్లార్‌లో ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మీ గోడు వినేవాడుండడు. ఇక అయిదవ అంతస్తు. మన ఊళ్లో నాలుగంతస్తులకు అనుమతి తీసుకుని అయిదోది లేపిన అపార్ట్‌మెంట్లు తక్కువేం లేవు. మంజూరైన ప్లానులో అయిదో అంతస్తు ఉందా, అందులో 502 గీత గీసి ఉందా, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిందా అన్నవి చూడాలి. "బ్యాంకు లోను ఇచ్చిందంటే అన్నీ సరిగా ఉన్నట్టేగా" అంటారు. ఆ బ్యాంకే ఇప్పుడు "ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోట ఉన్నట్టు" అమ్ముతున్నానని ప్రకటన కింద రాసింది. తర్వాత ఏ లోపం బయటపడినా నన్ను అడగొద్దని దాని అర్థం.

బాకీలకూ అదే వర్తిస్తుంది. అప్పుల గడిలో "బ్యాంకుకు తెలిసినంతవరకు ఏమీ లేవు" అని రాశారు. అపార్ట్‌మెంటు సెక్రటరీని కలిసి మెయింటెనెన్స్ ఎన్ని నెలలు బాకీ ఉందో అడగండి. ఈఎంఐ కట్టలేనివాళ్లు మెయింటెనెన్స్ కడుతూ ఉంటారని అనుకోలేం. ఇంటి పన్ను పీటీఐఎన్ నంబరుతో, కరెంటు బిల్లు సర్వీసు నంబరుతో ఆన్‌లైన్‌లోనే తెలుస్తాయి. పాత ఓనరు కరెంటు బాకీని నిబంధనల్లో ఉంటే కొత్తగా కొన్నవాళ్ల నుంచి వసూలు చేయవచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది, అది ఇలాంటి వేలం కొనుగోళ్ల మీద వచ్చిన తీర్పే. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలూ తాకట్లూ చూపే పత్రం కూడా తీయించండి, మీసేవలోనైనా ఇస్తారు. ఒక్క ఫ్లాటు పేరు మీదే కాదు, బిల్డరు కొన్న స్థలం సర్వే నంబరు మీద కూడా తీయించి, లింకు డాక్యుమెంట్లతో సహా ఒక లాయరుకు చూపించండి. అయిదారు వేలు తీసుకుంటారు. పన్నెండు రోజుల్లో హడావుడిగా కాదు, తీరిగ్గా చేయాల్సిన పని ఇది.

మరి మీరేం చేయాలి? ముందుగా లోను సంగతి తేల్చుకోండి. మీ ఇద్దరి జీతాల మీద ఎంత వస్తుందో, వేలం ఆస్తికి ఇస్తారో లేదో రెండు మూడు బ్యాంకుల్లో అడిగి తెలుసుకోండి. ప్రభుత్వ బ్యాంకుల వేలాలన్నీ ఇప్పుడు బ్యాంక్‌నెట్ అనే పోర్టల్‌లో పెడుతున్నారు. ఊరు, ధర, పొజిషన్ రకం చూసుకుని వెతకండి. ఫిజికల్ పొజిషన్ ఉన్నవే చూడండి. ధర రెండు మూడు లక్షలు ఎక్కువున్నా ఫర్వాలేదు. మీ దగ్గర 20 లక్షలుంటే 40, 42 లక్షలలోపు ఫ్లాటు చూసుకోండి, అప్పుడే రిజిస్ట్రేషన్‌కూ రిపేర్లకూ చేతిలో డబ్బు మిగులుతుంది. నచ్చినది కనిపిస్తే తనిఖీకి ఇచ్చిన రోజున మీరిద్దరూ స్వయంగా వెళ్లి తలుపు తీయించి లోపల తిరిగి చూడండి, ట్యాపు తిప్పి నీళ్లొస్తున్నాయేమో చూడండి. "బ్యాంకులో మనవాడున్నాడు, ధర సెట్ చేస్తా" అని దగ్గరకు వచ్చే బ్రోకర్లను దగ్గరికి రానివ్వకండి. డబ్బు ప్రకటనలో ఇచ్చిన ఖాతాకు తప్ప మరెక్కడా కట్టకండి.

పాటకు కూర్చునే ముందు మీవారూ మీరూ కలిసి ఒక అంకె కాగితం మీద రాసుకోండి. చివరి నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు మరికొన్ని నిమిషాలు పెరుగుతుంది, మళ్లీ పెరుగుతుంది. ఆ వేడిలో ఇంకొక్క యాభై వేలే కదా అనిపిస్తుంది. ఆ అంకె దాటితే లేచి వచ్చేయండి, ఈఎండీ తిరిగి వస్తుంది. ఇంకో సంగతి, పోర్టల్‌లో రిజిస్టరు చేసుకునేటప్పుడే ఇద్దరి పేర్లూ వేయండి. సేల్ సర్టిఫికెట్ పాడినవాళ్ల పేరు మీదే ఇస్తారు, తర్వాత భార్య పేరు చేర్చమంటే చేర్చరు.